నీళ్ళు పోశాకే ఫొటో: పసిబిడ్డ ఫొటోలకు ఇల్లు సర్దుకోవడం

మా ఆయన కర్నూల్లో పెళ్ళి ఫొటోలు తీస్తాడు. నేను పసిపిల్లల ఫొటోలు తీస్తాను. స్టూడియోకు రమ్మనను, స్కూటీ మీద బ్యాగు పెట్టుకుని వాళ్ళ ఇళ్ళకే వెళ్తాను. పచ్చి బాలింతను ఆటో ఎక్కించి తిప్పడం నాకిష్టం ఉండదు. ముందురోజు ఫోన్లో ప్రతి ఇంటికీ ఇవే మాటలు చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టి, ఇప్పుడు రాసి పెడుతున్నా.

ముందు ఏ రోజు తీయాలన్నది. పుట్టిన అయిదో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా బాగుంటుందని ఈ పనిలో ఉన్నవాళ్ళు చెప్తారు. అప్పుడు బిడ్డ రోజంతా దాదాపు నిద్రలోనే ఉంటుంది, కడుపులో ఉన్నట్టే కాళ్ళు ముడుచుకుంటుంది. మూడో వారం వచ్చేసరికి కాళ్ళు చాపుతుంది, ముఖం మీద చిన్న చిన్న పొక్కులు కూడా రావచ్చు. అయితే మన ఇళ్ళలో ఇంకో క్యాలెండర్ ఉంది కదా. "పురుడు కాకముందే ఫొటోలేందమ్మా" అనే అవ్వ ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. పదకొండో రోజు పురుడు చేసే ఇంట్లో నాకు మిగిలేది మూడు రోజులు. ఆ అవ్వతో నేను వాదించను. కాన్పు తేదీ తెలియగానే చెప్పి పెట్టమంటాను, ఆ వారమంతా ఖాళీ ఉంచుకుంటాను. ఆ మూడు రోజులు కూడా దాటిపోయి బారసాల నాడు పిలిచినా ఏం మునిగిపోదు, గుడ్డలో చుట్టి తీసే ఫొటోలు అప్పుడు కూడా బాగానే వస్తాయి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకైతే డాక్టర్ మొదట చెప్పిన కాన్పు తేదీ నుంచి లెక్కేసుకోండి. ముస్లింల ఇళ్ళలో ఏడో రోజు అఖీఖాకు తల గొరిగిస్తారు, జుట్టుతో ఫొటో కావాలంటే అంతకుముందే పిలవాలి. ఒళ్ళు, కళ్ళు పచ్చగా కనిపిస్తే మాత్రం నాకు కాదు, డాక్టర్‌కు ఫోన్ చేయండి. ఫొటోలో పసుపు నేను తీసేయగలను, ఒంట్లోది తీయలేను.

ఇక వేళ. ఇది నాకు ఒక అవ్వ నేర్పింది. పని మొదలుపెట్టిన కొత్తలో వెంకటరమణ కాలనీలో ఒకరింటికి పది గంటలకు వెళ్ళాను. గుడ్డలు పరిచాను, బుట్ట పెట్టాను, బిడ్డ ఏడుపు మొదలుపెట్టింది. పాలిచ్చారు, ఎత్తుకుని తిప్పారు, నేను ఫోన్లో వాన చప్పుడు కూడా పెట్టాను. గంటన్నరలో ఒక్క ఫొటో లేదు. పదకొండున్నరకు నీళ్ళు పోసే అవ్వ వచ్చింది. కొంగు నడుముకు దోపి, పీట మీద కూర్చుని, కాళ్ళు చాపి బిడ్డను వాటి మీద పడుకోబెట్టుకుంది. తొడ మడతల్లో, చంకల్లో, మెడ కింద వేలితో నూనె రాసింది. మోచేత్తో నీళ్ళ వేడి చూసుకుని చెంబుతో పోస్తూ పెసరపిండితో రుద్దింది. తుడిచి, తల్లి ఒళ్ళో పెట్టింది. పాలు తాగుతూ తాగుతూనే బిడ్డ నిద్రలోకి జారిపోయింది. ఆ తర్వాత రెండు గంటలు నేను ఎటు తిప్పినా కన్ను తెరవలేదు. "పొద్దున్నే అడిగింటే ఈ అగసాట్లు ఉండకపోవు కదమ్మా" అంది అవ్వ.

అప్పటి నుంచి నా మొదటి ప్రశ్న ఒకటే: మీ ఇంట్లో నీళ్ళు ఎన్నింటికి పోస్తారు? నీళ్ళు, పాలు, త్రేన్పు, తర్వాతే కెమెరా. బొడ్డు ఊడలేదని డాక్టర్ స్నానం వద్దనుంటే, గోరువెచ్చని నీళ్ళలో ముంచిన గుడ్డతో తుడిచినా చాలు. ఆ బొడ్డు ఫొటోలో కనపడకుండా గుడ్డ అంచు నేను సర్దుకుంటాను.

ఆ ఒక్క రోజుకు అవ్వను నాలుగు మాటలు అడగండి. ముఖానికి నూనె వద్దు, కిటికీ దగ్గర నుదురు అద్దంలా మెరుస్తుంది. పౌడర్ వద్దు, ముడతల్లో తెల్లగా గీతలు పడతాయి. కంటికి కాటుక అసలే వద్దు, అందులో సీసం ఉండొచ్చని డాక్టర్లు ఎప్పటినుంచో చెప్తున్నారు. దిష్టిచుక్క మాత్రం ఉండనీయండి, అరికాలికి పెట్టించండి, ఆ పాదం ఫొటో ముద్దొస్తుంది. సాంబ్రాణి ఆ గదిలో వేయొద్దు. బిడ్డకు పొగ మంచిది కాదు, నా లెన్స్‌కూ మంచిది కాదు. మణికట్టుకు, కాలికి కట్టిన తాళ్ళు ముందురాత్రే కొంచెం వదులు చేయండి, లేకపోతే వాటి అచ్చు చాలాసేపు కనిపిస్తుంది.

గదిలో పెద్ద కిటికీ ఒకటి ఉంటే చాలు. ఎండ నేరుగా పడకూడదు, వెలుతురు రావాలి. ట్యూబ్‌లైట్ ఆపేయండి. ఫ్లాష్ నేను వాడను, ఆ వెలుగుకు ఉలిక్కిపడి చేతులు రెండూ విసిరేస్తారు. గోడలకు చిలకపచ్చ రంగు వేయించుకున్న ఇళ్ళలో బిడ్డ చెంపలు కూడా పచ్చగా వస్తాయి. అలాంటి చోట కిటికీకి ఎదురుగా కుర్చీ మీద తెల్లదుప్పటి ఆరేసినట్టు వేస్తాను. వెలుతురు తెల్లగా తిరిగొస్తుంది.

బట్టల్లేకుండా తీయాలంటే గది 26 నుంచి 28 డిగ్రీలుండాలి. మన ఊళ్ళో మే నెల 40 దాటుతుంది, వేడి వెతుక్కోవాల్సిన పనే లేదు, ఎక్కువైతేనే చిక్కు. పొద్దున ఎనిమిదికల్లా మొదలుపెడితే మేలు. ఏసీ ఉంటే 27 మీద పెట్టండి. కూలర్ ఉంటే గోడ వైపు తిప్పండి. దాని గరగర చప్పుడుకు పిల్లలు భలే నిద్రపోతారు, నా ఫోన్లో వాన కంటే అదే నయం. కరెంటు పోయిందంటే కూలర్‌తో పాటు నిద్ర కూడా పోతుంది, అది వేరే కథ. బేతంచెర్ల బండలు పరిచిన ఇంట్లో నేల చల్లగా ఉంటుంది, కింద రెండు బొంతలు మడిచి వేయండి.

సామాను కొనొద్దు. నేను తెస్తాను, దానికంటే మీ ఇంట్లోదే బాగుంటుంది. అవ్వ పాత నూలు చీర మెత్తగా ఉంటుంది, చుట్టడానికి దానికి మించింది లేదు. బయట కొన్న ఉన్ని టోపీ ఒకటి ఒక బిడ్డ నుదుటి మీద ఎర్రగా దద్దు తెప్పించాక నేను వాటిని మానేశాను. బిడ్డను చేటలో పడుకోబెట్టే అలవాటు మనకు ఎటూ ఉంది కదా, ఆ చేట బయటికి తీయండి. వెదురు పేళ్ళు గుచ్చుకోకుండా అంచుల దాకా బొంత వేయాలి. బియ్యం, పూలరెక్కలు బిడ్డ ముఖం దగ్గర చల్లొద్దు.

ఒక్క విషయంలో నేను మొండిదాన్ని. రెండు చేతుల మీద గడ్డం ఆనించి కప్పలా కూర్చున్న పసిబిడ్డ ఫొటో ఫోన్లో చూపించి "ఇలాంటిది కావాలి" అంటారు. ఆ బిడ్డ అలా కూర్చోలేదు. ఒక ఫొటోలో తల పట్టుకున్న చేయి ఉంటుంది, ఇంకో ఫొటోలో మణికట్లు పట్టుకున్న చేయి ఉంటుంది, కంప్యూటర్లో రెండూ కలిపి చేతులు చెరిపేస్తారు. నేనది తీయను. ఎవరైనా చేతులు వదిలేసి తీస్తానంటే వద్దనండి. బుట్టలో పెట్టినా, చేటలో పెట్టినా ఇంట్లో ఒకరు మూరెడు దూరంలో కూర్చోవాలి, ఫోన్ చూసుకోకుండా. ఫొటో తీసేవాళ్ళు చేతులు కడుక్కున్నారా, జలుబుతో వచ్చారా అని మొహమాటపడకుండా అడగండి. నన్ను కూడా అడగండి.

గదిలో ముగ్గురికి మించి వద్దు. చుట్టాలకు హాల్లో టీ ఇవ్వండి.

తల్లికి చెప్పేది: పాలు మధ్యలో ఎన్నిసార్లైనా ఇవ్వొచ్చు, రెండు మూడు గంటలు పడుతుందనుకోండి. ఇంకో నైటీ, నాలుగు గుడ్డలు పక్కన పెట్టుకోండి, ఒకటి తడవడం ఖాయం. ఆపరేషన్ అయినవాళ్ళు కింద కూర్చోవద్దు, వీపుకు దిండు పెట్టుకుని మంచం మీదే ఉండండి. "ముఖం ఉబ్బింది, నాకు ఫొటో వద్దక్కా" అని దాదాపు అందరూ అంటారు. సరే, ముఖం వద్దు. మీ వేలు పట్టుకున్న ఆ పిడికిలి మాత్రం తీసుకుంటాను.

అవ్వ ఒళ్ళో బిడ్డను పెట్టి ఒకటి తీయించుకోండి. దాన్ని ఫోన్లో పంపితే అవ్వ చూడదు, ప్రింట్ వేయించి ఇవ్వండి. నేను బ్యాగు సర్దుకునే లోపే ఆవిడ ఉప్పు, మిరపకాయలు తెచ్చి బిడ్డకు దిష్టి తీస్తుంది. బుధవారపేటలో ఒక అవ్వ, పనిలో పనిగా, నా కెమెరాకు కూడా మూడుసార్లు తిప్పింది.