పేటను నమ్ముకుని జిన్ వ్యాపారం: బెంగళూరులో మొదలుపెట్టే తీరు

బెంగళూరులో ఒక పేట పేరు మీద జిన్ అనే మద్యం అమ్మాలనుకునేవారు, ఆ పేట నుంచి సీసాలోకి నిజంగా ఏం వెళుతుందో ముందు తేల్చుకోవాలి. జిన్‌లో జునిపర్ కాయల రుచే ముందుండాలి కనుక వాటిని బయటినుంచి తెప్పించుకోక తప్పదు. మిగిలిన సువాసన దినుసుల్లోనే మన చోటు కనిపించాలి. బసవనగుడినే తీసుకుంటే, గాంధీబజారు పూల అంగళ్ళలో మల్లె ఉంది, నగరానికి ఉత్తరాన భౌగోళిక గుర్తింపు పొందిన దేవనహళ్ళి పంపరపనస ఉంది. ఈ రెండూ చాలు. పది దినుసులు కలిపితే ఏదీ తెలియకుండా పోతుంది.

ఇంట్లో చిన్న బట్టీ పెట్టి ప్రయోగాలు చేయాలన్న ఆలోచన పూర్తిగా మానుకోవాలి. కర్ణాటక ఎక్సైజ్ చట్టం, 1965 ప్రకారం లైసెన్సు లేని తయారీ నేరం. మైక్రోబ్రూవరీలకు ఇచ్చే లైసెన్సు బీరుకే పరిమితం, అది జిన్‌కు పనికిరాదు. సొంత డిస్టిలరీకి పెట్టుబడి లేనివారు లైసెన్సున్న డిస్టిలరీతో ఒప్పందం చేసుకుని, ప్రయోగాలు కూడా అక్కడే చేయడం మేలు. సంతకానికి ముందు వంటకం (దినుసుల కొలతలు, తయారీ తీరు) హక్కు ఎవరిదో ఒప్పందంలో స్పష్టంగా రాయించుకోండి.

ప్రతి దినుసునూ మొదట విడిగా బట్టీ పట్టించి వాసన చూడాలి. సాధారణంగా ఈఎన్‌ఏ (బాగా శుద్ధి చేసిన, రుచీ వాసనా లేని ఆల్కహాల్) స్పిరిట్‌ను నీటితో సుమారు సగానికి పలుచన చేసి, లీటరుకు 15 నుంచి 20 గ్రాముల జునిపర్, అందులో సగం ధనియాలతో మొదలుపెట్టి, రాత్రంతా నాననిచ్చి మరిగిస్తారు. మొదట వచ్చే ఘాటైన భాగాన్ని తీసేసి, నడిమి భాగాన్నే పట్టుకుని, తడిసిన అట్టపెట్టె లాంటి వాసన మొదలవగానే ఆపాలి. పంపరపనస పైతొక్కను మాత్రమే పలుచగా చెక్కాలి. కింది తెల్లటి మెత్తని పొర తగిలితే చేదు వస్తుంది. మల్లెను స్పిరిట్‌లో ఉడకనిస్తే పరిమళం చెడుతుంది కాబట్టి, ఆవిరి పూలగుండా పోయేలా బుట్టలో వేలాడదీయడం మంచిది. చివరగా ఖనిజాలు తీసిన నీటిని కొద్దికొద్దిగా కలుపుతూ ఆల్కహాల్‌ను 42.8 శాతానికి దించాలి. అప్పుడు జిన్ తెల్లబారితే తొక్క నూనె ఎక్కువైందని అర్థం, తర్వాతి విడతలో తొక్క తగ్గించాలి.

పూలు, పండ్లు ఇచ్చేవారితో సీజను మొదలవకముందే ధర మాట్లాడుకోండి. పంపరపనస ఏడాది పొడవునా ఒకే తీరున దొరకదు కనుక, మంచి కాపు సమయంలోనే తొక్క చెక్కించి నీడన ఆరబెట్టుకోవాలి. పచ్చితొక్క, ఎండుతొక్క రుచులు వేరు కాబట్టి వంటకం ఏదో ఒకదానితోనే స్థిరపడాలి.

సరుకు సిద్ధమైనా పక్కవీధి అంగడికి నేరుగా అమ్మలేరు. రాష్ట్రంలో మద్యం టోకు వ్యాపారం 2003 నుంచి కర్ణాటక స్టేట్ బెవరేజెస్ కార్పొరేషన్ చేతిలో ఉంది. లేబుల్‌కు ఎక్సైజ్ శాఖ ఆమోదం, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) చెప్పిన హెచ్చరిక వాక్యాలు తప్పనిసరి. టీవీలో మద్యం ప్రకటనలకు వీల్లేదు కనుక, పేటలోని లైసెన్సు బార్లలో గ్లాసు కలిపేవారికి మీ జిన్ ఎలా తయారవుతుందో ఓపికగా వివరించడమే అసలైన ప్రచారం. సుంకం, బార్ల లాభం కలుపుకుని ధర లెక్కగట్టి, మొదటి విడత సొమ్ము చేతికొచ్చేలోపే రెండో విడతకు కావలసిన స్పిరిట్, సీసాలు కొనగలిగినంత డబ్బు పక్కన పెట్టుకున్నాకే ఉత్పత్తి మొదలుపెట్టండి.