డెక్ చెక్క, పక్కన మొక్క – నాలుగో పాఠం: నీరు ఎక్కడ నిలుస్తుంది?

కిందటి పాఠంలో స్థలం కొలతలు తీసి, ఎండ ఏ వేళకు ఎక్కడ పడుతుందో పటంలో గుర్తించాం. ఆ పటాన్ని ముందు పెట్టుకోండి. డెక్‌కు, అంటే ఇంటి బయట పలకలతో పరిచే అరుగుకు, ఏ పలకలు వేయాలి, దాని పక్కన ఏ మొక్కలు నాటాలి అనే రెండు ప్రశ్నలను చాలామంది వేర్వేరు రోజుల్లో తేల్చుకుంటారు. మనం మాత్రం రెండింటినీ కలిపే చూద్దాం. తడి ఆరకపోతే చెక్క చస్తుంది, తడి అందకపోతే మొక్క చస్తుంది. ఈ రెండింటినీ జానెడు దూరంలో బతికించడమే మన పని.

ముందు చెక్క. మానును అడ్డంగా కోస్తే మధ్యలో చేవ, దాని చుట్టూ వలయంలా లేత చెక్క ఉంటాయి. మన్నిక అంతా చేవదే. లేత చెక్క ఏ జాతిదైనా, టేకుదైనా సరే, ఆరుబయట తొందరగా పుచ్చిపోతుంది. అందుకే జాతి పేరు విని తృప్తి పడకండి. పలకలను ఒక్కొక్కటిగా తిప్పి అంచులు చూడండి. పాలిపోయిన పట్టీ కనిపిస్తే ఆ పలకను పక్కన పెట్టించండి. ఐరోపా ప్రమాణం ఈఎన్ 350 చేవ మన్నికను 1 నుంచి 5 వరకు తరగతులుగా విడదీస్తుంది. ఒకటో తరగతి అన్నిటికంటే గట్టిది, ఐదోది మన్నిక లేనిది. మంచి టేకు, దక్షిణ అమెరికా నుంచి వచ్చే ఇపె ఒకటో తరగతిలో ఉంటాయి. చలి ప్రాంతాల్లో పెరిగే స్ప్రూస్ చెట్టు చెక్క నాలుగోది.

ఇపె గురించి ఒక మాట. ఘనమీటరుకు దాదాపు 1,000 కిలోలు తూగే ఈ చెక్క నిజంగా అద్భుతమైనది. కానీ అడవులు తరిగిపోతున్నందువల్ల 2024 నవంబరు నుంచి దాని అంతర్జాతీయ వ్యాపారం, ముప్పున్న జీవజాతుల వ్యాపారాన్ని అదుపుచేసే సైటీస్ అనే అంతర్జాతీయ ఒప్పందం నియంత్రణలోకి వచ్చింది. అనుమతి పత్రాలు చూపలేని సరుకును నేను వాడను, మీరూ వాడవద్దని కోరుతున్నాను. వందేళ్ల చెట్టును నరికించి, ఆ పలకల పక్కన నాలుగు మొక్కలు నాటి పచ్చదనం తెచ్చామని చెప్పుకోవడం నాకు మింగుడుపడదు.

దీనికి బదులు రెండు దారులున్నాయి. మొదటిది, చెక్కను 180 నుంచి 215 డిగ్రీల సెల్సియస్ వరకు ఆవిరిలో వేడి చేసి తయారుచేసే పలక. ఇది తేమను తక్కువగా పీల్చుకుంటుంది, కాబట్టి వంకర పోవడం తక్కువ. కాకపోతే కాస్త పెళుసుబారుతుంది. పైన పరచడానికే వాడండి, కింద బరువు మోసే దూలాలకు వద్దు. రెండోది, పుచ్చకుండా రాగి లోహం కలిసిన మందు ఎక్కించిన పైన్ చెక్క. దీనిలోని రాగి మామూలు ఇనుప మేకులను తినేస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలు గానీ, కరిగిన జింకులో ముంచి పూత పెట్టినవి గానీ వాడాలి. పలకలు బాగానే ఉండి, మేకులు తెగి డెక్ ఊగిపోవడం నేను చూశాను.

చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసిన పలకలనూ చాలామంది అడుగుతారు. వాటికి పుచ్చు భయం తక్కువ. అయితే చెక్క తేమకు వెడల్పులో ఉబ్బితే, ఇవి వేడికి పొడవులో సాగుతాయి. కొసల దగ్గర తయారీదారు చెప్పినంత ఖాళీ వదలకపోతే పైకి లేస్తాయి. ముదురు రంగువి ఎండలో కాలు పెట్టలేనంత కాగుతాయి. మీ పటంలో మధ్యాహ్నపు ఎండ పడే చోటు ఉంటే లేత రంగు తీసుకోండి.

ఏ పలకైనా, రెండింటి మధ్య 5 లేదా 6 మిల్లీమీటర్ల సందు ఉంచండి. కోసిన కొసలకు మైనం పూత వేయండి. నీరు పలక ముఖం నుంచి కంటే కొసల నుంచే ఎన్నో రెట్లు వేగంగా లోపలికి పోతుంది.

ఇక మొక్కలు. డెక్ మీద పెట్టే తొట్టెతోనే ఎక్కువ నష్టం జరుగుతుంది. ఒక లెక్క వేద్దాం. మీటరు పొడవు, అర మీటరు వెడల్పు, అర మీటరు లోతున్న తొట్టెలో పావు ఘనమీటరు మట్టి పడుతుంది. తడిసిన తోటమట్టి ఘనమీటరుకు సుమారు 1,800 కిలోలు అనుకుంటే, ఆ తొట్టె ఒక్కటే 450 కిలోలు. అది ఆనే చోటు అర చదరపు మీటరే, అంటే చదరపు మీటరుకు 900 కిలోలు. మనుషులు నడిచే ఇంటి డెక్‌లను సాధారణంగా చదరపు మీటరుకు 200 కిలోల చిల్లరకే లెక్కకడతారు. అందుకే తొట్టె స్థానాన్ని దూలాలు వేయకముందే పటంలో గీయాలి. బరువైన తొట్టెకు నేల నుంచే విడిగా ఆధారం ఇవ్వాలి. చిన్న కుండీల కిందైనా రెండు వేళ్ల మందాన గాలి ఆడేలా కాళ్లు పెట్టండి. నా తొలి పనుల్లో ఒకదానిలో ఆ కాళ్లు పెట్టించలేదు. తరువాత కుండీ జరిపి చూస్తే, దాని కింద పలక నల్లబడి గోటితో గిచ్చితే ఊడివచ్చింది.

అంచున నాటే మొక్కను దాని నేటి సైజుతో కాక, పూర్తిగా పెరిగాక వచ్చే వెడల్పుతో కొలవండి. ఆ వెడల్పులో సగానికి మరో 30 సెంటీమీటర్లు కలిపి అంత దూరంలో నాటండి. 120 సెంటీమీటర్లు విస్తరించే పొదకు 90 సెంటీమీటర్లు. ఆ ఖాళీ చూసి మొదటి ఏడాది తోట బోసిగా ఉందని యజమాని అంటారు, ఓపికగా చెప్పండి. పండ్లు రాలి మరకలు చేసే నేరేడు, మల్బరీలను డెక్ మీదికి వంగనివ్వవద్దు. చింత లాంటి చిన్న ఆకు చెట్లు పెద్ద ఆకు చెట్లకంటే ఎక్కువ చిక్కు: ఆకులు సందుల్లో ఇరుక్కుని తడిని పట్టి ఉంచుతాయి. వెదురు కావాలంటే గుబురుగా ఒకే చోట పెరిగే రకమే నాటండి. నేల కింద పాకే రకం డెక్ అడుగుకు చేరుతుంది. నీళ్లు పైనుంచి చిమ్మే పద్ధతి మాని, బిందు సేద్యం గొట్టాలు పరిస్తే పలకలు రోజూ తడవవు.

అప్పటికే పెద్ద చెట్టు ఉన్న చోట డెక్ కడితే చెట్టుదే మొదటి హక్కు. నీటిని పీల్చే వేళ్లలో ఎక్కువ భాగం పైనున్న 60 సెంటీమీటర్ల మట్టిలోనే ఉంటుంది. స్తంభాల గుంతలు యంత్రంతో కాక చేత్తో తవ్వించండి. బొటనవేలికంటే లావైన వేరు తగిలితే వేరును నరకకుండా గుంతనే జరపండి. మాను చుట్టూ ఖాళీ వదిలి, లోపలి పలకలను స్క్రూలతో మాత్రమే బిగించండి, మాను లావెక్కే కొద్దీ విప్పి కోయవచ్చు.

ఈ వారం అభ్యాసం: మీ పటంలో 4 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు ఉన్న డెక్ గీయండి. వాన కురిసిన రెండు గంటల తరువాత తడి ఎక్కడెక్కడ మిగులుతుందో నీలం రంగుతో గుర్తించండి. తొట్టెల బరువు లెక్కకట్టి పక్కన రాయండి. ఆ తరువాతే పలక పేరు, మొక్కల పేర్లు నింపండి. అయిదో పాఠంలో ఆ పటం మీదే దూలాల దూరం లెక్కిస్తాం.