కౌంట్ పడిపోయిన రోజుల్లో ఊపిరితిత్తులను ఫంగస్ నుంచి కాపాడుకోవడం ఎలా

నేను హన్మకొండలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. మా బాపు నర్సంపేట దగ్గర మిరప రైతు. ఆయనకు లింఫోమా (ఒక రకం రక్త క్యాన్సర్) కీమో మొదలైనప్పటి నుంచి ఇంట్లో పాటిస్తున్నవే ఇక్కడ రాస్తున్నాను. కీమో వాళ్లకే కాదు, కిడ్నీ మార్పిడి అయినవాళ్లకూ, ఎక్కువ రోజులు స్టెరాయిడ్ వాడేవాళ్లకూ ఇవి పనికొస్తాయి.

ముందు సీబీపీ (రక్తకణాల లెక్క చూపే పరీక్ష) రిపోర్టు చదవడం నేర్చుకోండి. టోటల్ కౌంట్‌ను, అంటే మొత్తం తెల్లరక్తకణాల సంఖ్యను, న్యూట్రోఫిల్స్ (వాటిలో ఇన్ఫెక్షన్‌తో పోరాడే ఒక రకం కణాలు) శాతంతో గుణించి వందతో భాగించండి. కొన్ని రిపోర్టుల్లో వీటినే పాలిమార్ఫ్స్ అని రాస్తారు. ఉదాహరణకు టోటల్ 1,800, న్యూట్రోఫిల్స్ 20 శాతం ఉంటే వచ్చేది 360. ఈ అంకె 500 కంటే దిగితే ప్రమాదం. పది రోజులు దాటినా లేవకపోతే ఫంగస్ భయం ఇంకా పెరుగుతుంది.

ఎందుకంటే ఆస్పర్‌జిల్లస్ అనే బూజు గడ్డివాములో, మక్క పొట్టులో, కుళ్లిన కాయలో అంతటా ఉంటుంది. దాని బీజాలు రెండు మూడు మైక్రాన్లే కాబట్టి ఊపిరితిత్తుల చివరి గాలి తిత్తుల దాకా వెళ్తాయి. రోజూ మనందరం వందల బీజాలు పీలుస్తూనే ఉంటాం. అక్కడ కాపలా ఉండే మాక్రోఫేజ్ కణాలు వాటిని మింగేస్తాయి. తప్పించుకున్న బీజం ఉబ్బి మొలకెత్తేటప్పుడు పైపొర ఊడి, లోపలి బీటా గ్లూకాన్ అనే పదార్థం బయటపడుతుంది. మన కణాల మీదుండే డెక్టిన్-1 అనే ప్రొటీన్ దాన్ని గుర్తుపడుతుంది, వెంటనే న్యూట్రోఫిల్స్‌కు పిలుపు వెళ్తుంది. అప్పటికే పోగుల్లా సాగిన ఫంగస్‌ను మింగడం కుదరదు. అందుకే న్యూట్రోఫిల్స్ చుట్టుముట్టి ఘాటైన ఆక్సిజన్ రసాయనాలు చిమ్మి చంపుతాయి. కీమోతో తగ్గేది సరిగ్గా ఈ కణాలే.

స్టెరాయిడ్ సంగతి వేరు. కణాల సంఖ్య బాగానే కనిపిస్తుంది, ఒక్కోసారి పెరుగుతుంది కూడా. చంపే బలం మాత్రం తగ్గుతుంది. కాబట్టి స్టెరాయిడ్ వాడేవాళ్లు కౌంట్ బాగుందని ధీమాగా ఉండొద్దు.

బీజాలను పూర్తిగా తప్పించుకోలేం, కానీ ఒక్కసారిగా ఎక్కువ పీల్చకుండా చూసుకోవచ్చు. మా ఇంట్లో కష్టమైంది మిరప కల్లం. తాలు కాయలు ఏరేటప్పుడు, టార్పాలిన్ దులిపేటప్పుడు లేచే దుమ్ములో బూజు కూడా ఉంటుంది. కీమో అయ్యాక సాధారణంగా ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా కౌంట్ బాగా దిగుతుంది. ఆ రోజుల్లో బాపును కల్లానికి గానీ, ఏనుమాముల మార్కెట్‌కు గానీ పోనివ్వం. "నా కాయ నేను చూసుకోవద్దా బిడ్డా?" అని అడిగితే బాధగానే ఉంటుంది, అయినా పోనివ్వం. దుమ్ములోకి పోక తప్పనప్పుడు ముక్కుకు సరిగ్గా పట్టే ఎన్95 మాస్క్ పెట్టాలి, తువ్వాల చుట్టుకుంటే సరిపోదు. ఎండాకాలం పాత కూలర్ గడ్డి తీసేసి కొత్తది వేయించండి, ఆ పని పేషెంట్ చేయకూడదు. గోడ పగలగొట్టే పని ఉంటే వాయిదా వేయండి. బీడీ మానేయాలి. పసుపు పాలు తాగితే తాగనివ్వండి, కానీ అవి న్యూట్రోఫిల్స్ చేసే పని చేయలేవు.

షుగర్ ఉన్నవాళ్లకు ఇంకో ఫంగస్ భయం, మ్యూకర్. 2021 మేలో తెలంగాణ ప్రభుత్వం నోటిఫై చేసిన బ్లాక్ ఫంగస్ అదే. షుగర్ బాగా పెరిగి కీటోయాసిడోసిస్ (రక్తంలో ఆమ్లం పెరగడం) వస్తే రక్తంలో ఇనుము విడివడి దానికి మేతవుతుంది. స్టెరాయిడ్ మొదలుపెడితే షుగర్ రోజూ చూసుకోవాలి.

కౌంట్ తక్కువున్నప్పుడు జ్వరం 100.4 ఫారన్‌హీట్ చేరితే తెల్లారేదాకా ఆగొద్దు. పారాసిటమాల్ వేసి చూద్దామనుకోవద్దు, జ్వరం దిగితే జబ్బు తెలియకుండా పోతుంది. పొడిదగ్గు, ఊపిరి పీలిస్తే ఛాతీలో పోటు, తెమడలో రక్తం కనిపిస్తే జ్వరం లేకపోయినా వెళ్లండి, స్టెరాయిడ్ మీదున్నవాళ్లకు అసలు జ్వరమే రాకపోవచ్చు. ఎక్స్‌రే బాగుందన్నా సీటీ అవసరమా, గెలాక్టోమన్నన్ పరీక్ష (ఆస్పర్‌జిల్లస్ ఆనవాలు పట్టేది) చేయాలా అని డాక్టర్‌ను అడగండి.

ఫంగస్‌కు వాడే వొరికొనజోల్ మాత్రలు రాస్తే తిండికి గంట ముందో, గంట తర్వాతో వేయాలి. ఎండ తగలకుండా చూసుకోవాలి. టాక్రోలిమస్ (కిడ్నీ మార్పిడి అయినవాళ్లకు ఇచ్చే మందు) వాడుతుంటే ఆ మాట ముందే చెప్పండి, దాని మోతాదు బాగా తగ్గించాల్సి ఉంటుంది. దగ్గు తగ్గిందని మాత్రలు మీరే ఆపొద్దు, ఎప్పుడు ఆపాలో మళ్లీ సీటీ చూసి డాక్టరే చెబుతారు.