కారు లోపల నీళ్లు: బీడింగ్ మార్చే ముందు ఇవి చూడండి

కాళ్ల కింద మ్యాట్ తడిగా కనిపించగానే చాలామంది సిలికాన్ ట్యూబు తెచ్చి ముందు అద్దం చుట్టూ పూసేస్తారు. లేదంటే డోర్ బీడింగ్ (తలుపు చుట్టూ ఉండే రబ్బరు అంచు) కొత్తది వేయిస్తారు. తర్వాతి వానకి మళ్లీ అదే తడి. నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో చూడకుండా ఏది మార్చినా డబ్బు దండగే. ముందు ఒక్క విషయం తేల్చుకోండి: వాన పడితేనే తడుస్తోందా, వాన లేని రోజు కూడా తడుస్తోందా?

వాన లేకపోయినా తడి

ఇది దాదాపు ఎప్పుడూ ఏసీ నీళ్లే. కూలింగ్ కాయిల్ మీద గాలిలోని తేమ నీరుగా మారి, సన్నటి డ్రెయిన్ పైపు ద్వారా బండి కిందకి కారిపోవాలి. ఉక్కగా ఉన్న రోజు ఏసీ ఓ 15 నిమిషాలు నడిపి కింద నేల చూడండి. చుక్క కూడా లేకపోతే పైపు మూసుకుపోయినట్టు, లేదా లోపల ఊడిపోయినట్టు. కింది నుంచి మెత్తటి నైలాన్ తీగ పెట్టి మెల్లగా కదిపితే బురద ఊడి నీళ్లు దిగుతాయి. కంప్రెసర్ గాలి గట్టిగా కొట్టొద్దు, బాగున్న పైపు కూడా ఊడిపోతుంది.

తడి జిగటగా ఉండి, తియ్యటి వాసన వస్తూ, ముందు అద్దం లోపల జిడ్డుగా మసకబారుతోందంటే అది నీరు కాదు, ఇంజన్‌ని చల్లబరిచే కూలంట్. డాష్‌బోర్డ్ లోపల ఉండే చిన్న రేడియేటర్, అంటే హీటర్ కోర్ కారుతోంది. కూలంట్ విషం, రుచి చూసే పని పెట్టుకోవద్దు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు లెవెల్ చూసి మెకానిక్ దగ్గరికి వెళ్లండి.

వాన పడితేనే తడి

బానెట్ ఎత్తండి. వైపర్ల కింద ఉన్న గ్రిల్ లోపల ఆకులు, మట్టి పేరుకుని ఉంటే మిగతావన్నీ పక్కన పెట్టి ముందు అది శుభ్రం చేయండి. చూడటానికి రెండు నిమిషాలు పట్టదు, అయినా ఎవరూ చూడరు! అద్దం మీద పడిన వాన ఆ గ్రిల్ కిందున్న తొట్టిలోకి దిగి, చివర్లలో ఉన్న రంధ్రాల నుంచి బయటికి పోవాలి. అవి మూసుకుపోతే నీటిమట్టం పెరిగి, బయటి గాలి లోపలికి తీసుకునే దారి గుండా బ్లోయర్‌లోకి పొర్లుతుంది. బ్లోయర్ ఉన్న వైపు మ్యాట్ తడుస్తుంది. శుభ్రం చేశాక ఒక మగ్గు నీళ్లు పోసి, అవి ముందు చక్రాల వెనక నుంచి నేల మీద పడుతున్నాయో లేదో చూడండి.

సన్‌రూఫ్ ఉంటే దాని మూలల్లో ఉన్న డ్రెయిన్ పైపులదీ ఇదే కథ. రూఫ్ లైనింగ్ మీద మరక ఉంటే అక్కడి నుంచే మొదలుపెట్టండి.

గ్రిల్ శుభ్రంగానే ఉంది, బీడింగ్ కొత్తది, అయినా తడి

అందరినీ తిప్పలు పెట్టేది ఇదే. నేను కూడా దీని వల్ల చాలా సమయం పోగొట్టుకున్నాను.

డోర్ అద్దం బయట ఉండే రబ్బరు పట్టీ నీటిని పూర్తిగా ఆపదు, ఆపాల్సిన అవసరమూ లేదు. వాన నీరు అద్దం వెంట డోరు లోపలికి దిగుతుంది, అడుగున ఉన్న రంధ్రాల నుంచి బయటికి పోతుంది. ఆ నీరు క్యాబిన్ వైపు రాకుండా డోర్ ప్యాడ్ (తలుపు లోపలి వైపు కనిపించే ప్యానెల్) వెనక ఒక ప్లాస్టిక్ షీట్‌ని నల్లటి బ్యూటైల్ జిగురుతో అంటిస్తారు. కొన్ని బండ్లలో దాని బదులు ఫోమ్ అంచు ఉన్న ప్యానెల్ ఉంటుంది. అద్దం మోటారో, స్పీకరో, లాకో రిపేరు చేసినప్పుడు ఆ షీట్ లాగేసి, మళ్లీ సరిగ్గా అంటించకుండా ప్యాడ్ బిగించేస్తారు. అక్కడి నుంచి నీళ్లు షీట్ దాటి, ప్యాడ్ అడుగు నుంచి గుమ్మం మీదుగా కార్పెట్ కిందకి జారుతాయి. ఇదంతా బీడింగ్‌కి లోపలి వైపు జరుగుతుంది కాబట్టి బీడింగ్ ఎన్నిసార్లు మార్చినా తేడా ఉండదు.

గుర్తులు ఇవి: బీడింగ్ లోపలి అంచు పొడిగా ఉంటుంది, దాని పక్కనే గుమ్మం మీది ప్లాస్టిక్ తడిగా ఉంటుంది. ప్యాడ్ కింది అంచున నీటి మరక గీతలా కనిపిస్తుంది. స్పీకర్ స్క్రూలు తుప్పు పట్టి ఉంటాయి. ఆ డోరుకి ఎప్పుడైనా రిపేరు జరిగిందా అని గుర్తు చేసుకోండి. జరిగిందంటే అనుమానం మొదట దాని మీదే.

పరీక్షకి ప్యాడ్ తీసేసి, అద్దం పూర్తిగా పైకెత్తి, బయటి నుంచి సన్నటి ధారగా నీళ్లు పోయండి. టార్చ్ పట్టుకుని లోపల ఒకరు షీట్ అంచు చూస్తూ ఉండాలి. ప్రెషర్ వాషర్ వాడొద్దు, అది మంచి డోరులో కూడా నీళ్లు రప్పిస్తుంది. అడుగు రంధ్రాల నుంచి ధార వెంటనే పడకపోతే ముందు వాటిలోని మట్టి తీయండి.

అంటించడంలోనే చాలామంది తప్పు చేస్తారు. సిలికాన్ వద్దు. ఈ ప్లాస్టిక్‌కి అది పట్టదు, వెనిగర్ వాసన వచ్చే రకమైతే ఇనుముని తుప్పు కూడా పట్టిస్తుంది. ఫోమ్ ఉన్న డబుల్ టేప్ కూడా వద్దు, నీళ్లు పీల్చుకుంటుంది. పాత జిగురు ముద్దతోనే అద్ది పాతదంతా లాగేయండి, స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వండి, కొత్త బ్యూటైల్ టేప్‌ని ఎక్కడా తెగకుండా చుట్టూ వేయండి. హెయిర్ డ్రయ్యర్‌తో కాస్త వెచ్చబెట్టి బొటనవేలితో నొక్కుతూ పోండి. షీట్ కింది అంచుని డోరు లోపలికి తోసే చీలిక ఉంటే తప్పకుండా తోయాలి, షీట్ మీద జారిన చుక్క డోరులోకే పడాలి కదా. చిరిగిన షీట్‌కి అతుకులు వేయకుండా మందపాటి పాలిథీన్‌తో కొత్తది కత్తిరించుకోండి. ప్యాడ్ బిగించే ముందు మళ్లీ నీళ్లు పోసి చూడండి.

మిగతావి

డిక్కీలో స్టెప్నీ గుంట నిండితే టెయిల్ ల్యాంప్ గాస్కెట్, వెనక బంపర్ చాటున క్యాబిన్ గాలిని బయటికి వదిలే చిన్న తలుపులు చూడండి. ముందు అద్దం జిగురు అనుమానం అద్దం ఈమధ్య మార్చి ఉంటేనే. యాంటెన్నా అడుగు, ఫ్లోర్‌లోని రబ్బరు బిరడాలు అరుదు, చివర్లో చూసుకోవచ్చు.

లీకు ఆగిందని మ్యాట్ ఎండబెట్టి వదిలేయొద్దు. కార్పెట్ అడుగున ఉన్న ఫోమ్ నీళ్లని వారాల తరబడి పట్టి ఉంచుతుంది, దాని కింద వైర్లు, కనెక్టర్లు ఉంటాయి. సీటు విప్పి కార్పెట్ ఎత్తాలి. ముందు ఇగ్నిషన్ ఆపి, బ్యాటరీ నెగటివ్ తీసి కొన్ని నిమిషాలు ఆగండి. సీటు కింద పసుపు రంగు కనెక్టర్లు ఎయిర్‌బ్యాగ్‌వి, తిరిగి పెట్టేదాకా ఇగ్నిషన్ వేయొద్దు. ఫోమ్ పిండితే చుక్క రాని స్థితికి వచ్చాక కింద పాత పేపరు పరిచి కార్పెట్ వేయండి. తర్వాతి వానకి ఆ పేపరు తీసి చూడండి.