పాత సీడీ ప్లేయర్ మరమ్మతు – 3వ పాఠం: ‘నో డిస్క్’ అని ఎందుకంటుంది?

మొదటి పాఠంలో ప్లగ్గు తీసి, మూత విప్పి, లోపల ఏది ఎక్కడుందో చూశాం. రెండో పాఠంలో సాగిపోయిన బెల్టు మార్చి, మొరాయిస్తున్న ట్రేను దారికి తెచ్చాం. ఇప్పుడు ట్రే చక్కగా వస్తోంది, వెళ్తోంది. డిస్క్ పెట్టారు. లోపల ఏదో చిన్న చప్పుడైంది. కొన్ని సెకన్లు గడిచాయి. చివరికి తెర మీద ‘నో డిస్క్’ అని వచ్చింది.

చాలామంది ఆశ వదిలేసుకునేది ఇక్కడే. ‘లెన్స్ పోయింది’ అన్న ఒక్క మాటతో ఎన్ని మంచి ప్లేయర్లు అటకెక్కాయో! నిజంగా లేజర్ సత్తువ తగ్గి ఆగిపోయినవీ ఉంటాయి, కాదనను. కానీ ఆ నిర్ణయానికి అన్నీ చూశాక చివర్లో రావాలి. కీలెరిగి వాత పెట్టమన్నారు పెద్దలు. ఈ పాఠమంతా ఆ కీలు వెతకడం గురించే.

మొదటి పది సెకన్లు

ట్రే మూసుకున్నాక లోపల జరిగే పనులకు ఒక వరస ఉంది. ముందు లెన్స్ యూనిట్ తన కడ్డీ మీద జారుతూ డిస్క్ మధ్యభాగం వైపు వస్తుంది. అక్కడ ఒక బుల్లి స్విచ్ ఉంటుంది, దానికి తగలగానే యూనిట్ ఆగుతుంది. తర్వాత లేజర్ వెలుగుతుంది. లెన్స్ రెండు మూడు సార్లు పైకీ కిందికీ కదులుతుంది. డిస్క్ మెరుపు పొర నుంచి కాంతి సరిగ్గా తిరిగొచ్చే ఎత్తు ఎక్కడుందో వెతుకుతోందన్నమాట. ఆ ఎత్తు దొరికితే మోటార్ తిరుగుతుంది. డిస్క్ లోపలి అంచు దగ్గర, ఎన్ని పాటలున్నాయో, ఏది ఎక్కడ మొదలవుతుందో రాసి ఉన్న పట్టిక ఉంటుంది. ప్లేయర్ దాన్ని చదివి పాటల సంఖ్య చూపిస్తుంది.

గ్రామఫోన్ రికార్డు బయటి అంచు నుంచి లోపలికి నడుస్తుంది. సీడీ నడక లోపలి నుంచి బయటికి. ఈ తేడా మనసులో పెట్టుకోండి, పాఠం చివర్లో పనికొస్తుంది.

ఈ గొలుసులో ఏ లంకె తెగినా తెర మీద వచ్చే మాట మాత్రం ఒక్కటే, ‘నో డిస్క్’. పట్టిక చదవలేకపోయానని చెబుతుంది తప్ప, ఎక్కడ ఆగిపోయిందో చెప్పదు. అది మనం కళ్లతో, చెవులతో పట్టుకోవాలి.

కళ్లు జాగ్రత్త

సీడీ లేజర్ తరంగదైర్ఘ్యం 780 నానోమీటర్లు. అంటే పరారుణ కాంతి. మన కంటికి దాదాపు కనిపించదు, మహా అయితే లెన్స్ లోపల ఒక మసక ఎర్ర చుక్కలా తోస్తుంది. కనిపించనంత మాత్రాన హాని లేనట్టు కాదు. కాంతి మిరుమిట్లు గొలిపితే కన్ను దానంతటదే మూసుకుంటుంది, ఇక్కడ ఆ రక్షణ కూడా ఉండదు. కాబట్టి మూత తీసి ప్లేయర్ ఆన్ చేసినప్పుడు లెన్స్ మీదికి ముఖం వంచి నేరుగా చూడొద్దు. ఒక అడుగు దూరంలో, పక్క నుంచి, ఏటవాలుగా చూడండి. లేజర్ వెలుగుతోందో లేదో తెలుసుకోవడానికి ఫోన్ కెమెరా మంచి సాధనం. కొన్ని ఫోన్లలో ఆ కాంతి ఊదా రంగు చుక్కలా తెర మీద పడుతుంది. వెనక కెమెరాలో కనిపించకపోతే ముందు కెమెరాతో చూడండి. రెండిట్లోనూ కనిపించకపోయినా లేజర్ చచ్చిపోయిందని అప్పుడే రాసేయకండి, ఆ కాంతిని కెమెరానే అడ్డుకుంటూ ఉండవచ్చు.

మొదటి పాఠంలో చెప్పింది మళ్లీ చెబుతున్నాను. కరెంటు తీగ లోపలికి వచ్చే చోట, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర పూర్తి మెయిన్స్ కరెంటు ఉంటుంది. ప్లేయర్ ఆన్‌లో ఉన్నంతసేపూ చూడడమే మన పని, చెయ్యి లోపల పెట్టకూడదు. ఏదైనా ముట్టుకోవాలంటే ముందు ప్లగ్గు పీకాలి.

చూసిందాన్ని ఎలా అర్థం చేసుకోవాలి

డిస్క్ పెట్టకుండా ట్రే మూయండి. చాలా ప్లేయర్లు డిస్క్ లేకపోయినా ఈ వెతుకులాట మొదలుపెడతాయి. యూనిట్ మధ్యకు వచ్చి కూడా ఆగకుండా పళ్లచక్రాలు టకటకమని కొట్టుకుంటుంటే, ఆ బుల్లి స్విచ్ పనిచేయడం లేదు. దాని కాంటాక్టుల్లో మురికి చేరితే యూనిట్ చివరికి వచ్చిన సంగతి ప్లేయర్‌కు తెలియదు. యూనిట్ అసలు కదలకపోతే కడ్డీ మీద గ్రీజు గట్టిపడి ఉండవచ్చు.

యూనిట్ సరిగ్గా వచ్చింది గానీ లెన్స్ ఎగరడం లేదా? అయితే ముందు రిబ్బన్ కేబుల్‌ను అనుమానించండి. యూనిట్ వెళ్లొచ్చిన ప్రతిసారీ ఆ కేబుల్ ఒంగుతూ ఉంటుంది. ఏళ్ల తరబడి ఒంగి ఒంగి లోపలి రాగి పట్టీ చిట్లిపోతుంది, లేదంటే సాకెట్‌లో కొద్దిగా వదులవుతుంది. ప్లగ్గు తీసి, కేబుల్‌ను ఒకసారి నిటారుగా బయటికి లాగి, మళ్లీ సరిగ్గా కూర్చోబెట్టండి. సాకెట్‌కు లాక్ ఉంటే దాన్ని వదులు చేశాకే లాగాలి.

ఇక అందరూ పొరబడే చోటుకు వద్దాం. ‘డిస్క్ తిరగడం లేదు, మోటార్ కాలిపోయినట్టుంది’ అంటారు. చాలా ప్లేయర్లలో లెన్స్‌కు ఫోకస్ దొరికేదాకా మోటార్‌కు తిరగమన్న ఆదేశమే వెళ్లదు. లెన్స్ మురికిగా ఉంటే డిస్క్ ఉన్నట్టే ప్లేయర్‌కు తెలియదు, ఇక మోటార్‌ను ఎందుకు తిప్పుతుంది? డిస్క్ తిరగడం లేదంటే పదిలో ఎక్కువసార్లు తప్పు మోటార్‌ది కాదు, చూపుది. మోటార్‌నే అనుమానించాల్సిన లక్షణాలు వేరే ఉన్నాయి. కాస్త కదిలి ఆగిపోవడం ఒకటి. ఒకసారి తిరిగి, మరోసారి తిరక్కపోవడం ఇంకొకటి. పాట మొదట్లో డిస్క్ నిమిషానికి దాదాపు 500 చుట్లు తిరగాలి, బయటి అంచు చేరేసరికి 200కు తగ్గుతుంది. అందుకే అలసిన మోటార్ ముందుగా తడబడేది మొదటి పాట దగ్గరే.

ఇన్నాళ్లు బాగా పాడి, ఒక్కసారిగా ఎందుకు ఆగింది?

ఈ ప్రశ్న నన్ను చాలాకాలం వేధించింది. నిన్నటిదాకా ఏ లోపమూ లేకుండా పాడింది, ఇవాళ డిస్కునే గుర్తించనంటోంది. సీడీ తయారైన తీరులోనే దీనికి జవాబు ఉంది. డిస్క్ మీద పాటను వరసగా ఒకేచోట రాయరు. ముక్కలు చేసి చెదరగొట్టి, తప్పులు దిద్దుకోవడానికి అదనపు అంకెలు జోడించి రాస్తారు. దాంతో ట్రాక్ మీద సుమారు 2.5 మిల్లీమీటర్ల పొడవున సమాచారం మొత్తం పోయినా ప్లేయర్ దాన్ని లెక్కగట్టి పూర్తిగా తిరిగి రాబట్టగలదు. మనకు తేడానే తెలియదు.

అంటే లెన్స్ మీద ఏటా ఒక్కో పలుచని పొర దుమ్ము, పొగ, వంటింటి ఆవిరి పేరుకుంటున్నా ప్లేయర్ తప్పులు దిద్దుకుంటూ నెట్టుకొస్తుంది. ఆ కష్టం పైకి కనిపించదు. చివరికి ఒకరోజు దిద్దుకోగలిగిన హద్దు దాటుతుంది. మనకు అది హఠాత్తుగా జరిగినట్టు అనిపిస్తుంది గానీ, లోపల ఏళ్లుగా జరుగుతున్నదే. మీ ప్లేయర్ ‘ఉన్నట్టుండి’ ఆగిపోయి ఉంటే భయపడకండి, తుడిస్తే బాగయ్యే అవకాశం చాలా ఉంది.

లెన్స్ తుడవడం

కావలసినవి నాలుగే: ఐసోప్రొపైల్ ఆల్కహాల్, శుభ్రమైన దూది పుల్లలు, రబ్బరు బల్బు ఊదుడు గొట్టం, మంచి వెలుతురు. థిన్నర్, పెట్రోలు, గోళ్ల రంగు తుడిచే ద్రవం దగ్గరికి కూడా రానివ్వొద్దు. చాలా లెన్సులు ప్లాస్టిక్‌వే, వాటితో ఒక్క తుడుపుకే మసకబారిపోతాయి. అప్పుడిక మార్గం లేదు.

ప్లగ్గు తీయండి. కళ్లద్దాలు తుడిచినట్టు లెన్స్‌ను రుద్దకూడదు. అది సన్నటి తీగల మీద, అయస్కాంతాల మధ్య వేలాడుతూ ఉంటుంది. గట్టిగా నొక్కితే తీగలు ఒంగి, లెన్స్ ఒక పక్కకు ఒరిగిపోతుంది. ముందు రబ్బరు బల్బు ఊదుడు గొట్టంతో పొడి దుమ్మును ఊదేయండి. నోటితో ఊదితే తుంపర పడుతుంది, వద్దు. తర్వాత దూది పుల్లను ఆల్కహాల్‌లో ముంచి, కాగితం మీద అద్ది తడి తగ్గించండి. చుక్క కారేంత తడి ఉంటే ఆల్కహాల్ లెన్స్ కిందికి జారి, అక్కడి మురికిని కరిగించి లోపలే మరకలా వదిలేస్తుంది. ఆ మరకను చేరుకోవడానికి మనకు దారి ఉండదు. దూది బరువు మాత్రమే లెన్స్ మీద పడేలా, మధ్య నుంచి బయటికి మెల్లగా సున్నా చుట్టండి. రెండు మూడు చుట్లు చాలు. పొడి పుల్లతో మరోసారి అలాగే. దీపాన్ని ఏటవాలుగా పట్టి చూస్తే లెన్స్ మీద నీలి ఛాయ తేటగా, మరక లేకుండా మెరవాలి.

బుల్లి బ్రష్‌లు అతికించిన క్లీనింగ్ డిస్కులు చాలామంది వాడతారు. వాటి మీద నాకు నమ్మకం లేదు. పొడి దుమ్మును కాస్త దులుపుతాయేమో గానీ, జిడ్డు పొరను కదిలించలేవు. పైగా డిస్క్ తిరిగితేనే అవి పనిచేస్తాయి, మన సమస్యేమో అసలు డిస్క్ తిరగకపోవడం.

ఆ బుల్లి స్క్రూ జోలికి వెళ్లొద్దు

లెన్స్ యూనిట్ పక్కన, చిన్న స్క్రూడ్రైవర్ పట్టే బుల్లి ప్రీసెట్ ఒకటి కనిపిస్తుంది. లేజర్ బలాన్ని నిర్ణయించేది అదే. దాన్ని కొంచెం తిప్పితే ప్లేయర్ మళ్లీ పాడుతుందని ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. నేర్చుకునే రోజుల్లో నేనూ నమ్మి తిప్పాను. వెంటనే పాడింది. ఆ సాయంత్రం నా సంతోషానికి హద్దు లేదు. మూడు వారాలు పాడి, ఆగిపోయింది. ఎక్కువ కరెంటు తాగి లేజర్ పూర్తిగా చచ్చిపోయింది. తర్వాత యూనిట్ విప్పి చూస్తే లెన్స్ మీద మంచు పట్టినట్టు జిడ్డు పొర ఉంది. తుడిచి ఉంటే బతికేదేమో. ఆ బాధ ఇప్పటికీ పోలేదు, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. కొలిచే పరికరం లేకుండా దాన్ని ముట్టుకోవద్దు.

రెండు డిస్కుల పరీక్ష

తుడిచాక రెండు డిస్కులు తీసుకోండి. ఒకటి కంపెనీ అచ్చు వేసి అమ్మిన పాటల సీడీ, ఇంకొకటి కంప్యూటర్‌లో రాసుకున్న సీడీ-ఆర్. అచ్చు వేసినదాని నుంచి కాంతి 70 శాతం పైగా తిరిగొస్తుంది, కాబట్టి చదవడం తేలిక. రాసుకున్నది లేజర్‌ను ఎక్కువ కష్టపెడుతుంది. రెండూ పాడితే పండగే. అచ్చుది పాడి, రాసుకున్నది పాడకపోతే లెన్స్‌ను ఇంకోసారి తుడిచి చూడండి. అప్పుడూ అంతే అయితే లేజర్ వయసు మీద పడుతోందని గుర్తు. చెరిపి మళ్లీ రాసుకునే సీడీ-ఆర్‌డబ్ల్యూతో మాత్రం పరీక్షించకండి. దాని నుంచి తిరిగొచ్చే కాంతి 15 నుంచి 25 శాతమే. చాలా పాత ప్లేయర్లు కొత్తగా ఉన్నప్పుడు కూడా దాన్ని చదవలేదు.

డిస్కును గుర్తించింది, మొదటి పాటలు బాగున్నాయి, చివరి పాటలు మాత్రం ఎగిరిపోతున్నాయి అనుకోండి. డిస్క్ మార్చినా అదే వరస. ఇప్పుడు ఇందాకటి మాట గుర్తు తెచ్చుకోండి, సీడీ లోపలి నుంచి బయటికి నడుస్తుంది. చివరి పాటలంటే యూనిట్ కడ్డీకి అవతలి కొసలో ఉందని. అక్కడ గ్రీజు గడ్డకట్టి ఉంటుంది. దూదితో, ఆల్కహాల్‌తో కడ్డీని, పళ్లచక్రాలను శుభ్రంగా తుడిచి, ప్లాస్టిక్‌కు హాని చేయని తెల్ల గ్రీజును అగ్గిపుల్ల కొసకు అంటినంత మాత్రమే రాయండి. పళ్ల మధ్య వెంట్రుకలాంటిది ఇరుక్కున్నా ఇదే బాధ, భూతద్దంతో చూడండి. అలా కాకుండా ఒకే డిస్క్, ఒకే చోట ఎగురుతుంటే అది డిస్క్ మీది గీత, ప్లేయర్‌ను ఏమీ అనకండి.

మూత బిగించే ముందు లెన్స్ యూనిట్ మీద ఉన్న నంబర్ నోట్‌బుక్‌లో రాసుకోండి. కేఎస్ఎస్-213 లాంటిది పక్కనో, కింది లేబుల్ మీదో ఉంటుంది. ప్లేయర్ వరసలో ఎక్కడిదాకా వచ్చి ఆగిందో కూడా దాని పక్కనే రాయండి. కేబుల్ సరిచేసి, లెన్స్ రెండుసార్లు తుడిచాక కూడా ‘నో డిస్క్’ అనే వస్తుంటే ఆ రెండు వివరాలతో నాలుగో పాఠానికి రండి. కొత్త యూనిట్ ఎక్కించడం అక్కడ చూద్దాం. ఈలోగా కొత్తది దొరికితే దాని సంచి విప్పొద్దు. స్థిర విద్యుత్తు నుంచి లేజర్‌ను కాపాడటానికి దాని బోర్డు మీద ఒక సోల్డర్ చుక్క పెట్టి ఉంటుంది. కేబుల్ తగిలించాకే ఆ చుక్క తీయాలి. అది ఎలాగో చూశాకే సంచి విప్పుదాం.