నాన్న ఎమ్‌జీబీ – 6వ పాఠం: చిక్కనా, పలచనా?

ఎమ్‌జీబీ అంటే పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు. పోయిన పాఠం చదివి దాని కార్బురేటర్లు (గాలిలో పెట్రోలు కలిపి ఇంజిన్‌కు పంపేవి) విప్పినవాళ్ళు చాలామంది నన్ను తిట్టుకున్నారు. "విప్పకముందే బాగుంది" అని ఒకరు, "స్టార్ట్ అవుతోంది, కాలు తీస్తే ఆగిపోతోంది" అని ఇంకొకరు. ఒకాయన ఫొటో పంపారు. డైనింగ్ టేబుల్ మీద న్యూస్‌పేపర్ పరిచి, రెండు కార్బురేటర్ల సామాన్లూ కలగలిపి పెళ్ళివారింటి గిన్నెల్లా పెట్టారు. అది చూశాక తప్పెక్కడుందో అర్థమైంది. రెండూ ఒకేసారి విప్పొద్దని నేను రాయలేదు. ఆ మాత్రం తెలుస్తుందిలే అనుకున్నాను.

ముందు ఆ చిక్కు తీద్దాం. మా బండికి ఉన్నవి ఎస్‌యూ కంపెనీ కార్బురేటర్లు. ఎస్‌యూ కార్బురేటర్‌లో పిస్టన్, దాని మీద గంటలా బోర్లించే డ్యాష్‌పాట్ ఫ్యాక్టరీలోనే జత కుదిర్చి పెట్టినవి. చూడ్డానికి కవలల్లా ఉన్నా, ఒకదాని పిస్టన్ ఇంకోదాని డ్యాష్‌పాట్‌లో సరిగా ఆడదు. పైన నూనెలో ఆడే డ్యాంపర్ కడ్డీ తీసేసి, పిస్టన్‌ను వేలితో పైకెత్తి వదలండి. 'టక్' మని పడాలి. నీళ్ళలో మునుగుతున్నట్టు మెల్లగా దిగినా, మధ్యలో పట్టేసినా జత మారిందేమో చూడండి. మార్చి పెట్టినా టక్ రాకపోతే పిస్టన్ కింది సూది, పెట్రోలు వచ్చే సన్న గొట్టమైన జెట్‌కు రాసుకుంటోంది. అప్పుడు 5వ పాఠంలో చెప్పినట్టు జెట్‌ను మళ్ళీ మధ్యకు తెచ్చుకోవాలి. పిస్టన్ పక్కలకు శుభ్రంగా నూనె రాశానని ఒకరు గర్వంగా చెప్పారు. తుడిచేయండి. నూనె పోయాల్సింది నడిమి బోలు కడ్డీలో మాత్రమే. పుస్తకంలో 20 గ్రేడ్ అని ఉంటుంది. నేను మాత్రం ఇంజిన్‌లో పోసే 20డబ్ల్యూ50 నే పోస్తాను. నాన్నా అంతే.

నేను ముందు కార్బురేటర్ సామాన్లు ఇడ్లీ ప్లేట్లలో, వెనకదానివి స్టీలు గిన్నెలో పెట్టుకుంటాను. ఆ ప్లేట్లు మళ్ళీ వంటింటి గడప తొక్కలేదు.

ట్యాపెట్లు, ప్లగ్గులు, పాయింట్లు, టైమింగ్ మళ్ళీ చెప్పను. ట్యాపెట్ సందు (వాల్వుకీ దాన్ని తెరిచే మీటకీ మధ్య ఖాళీ) చల్లటి ఇంజిన్‌కు అంగుళంలో వెయ్యింట 15 వంతులు, ప్లగ్గు సందు 25. ట్యాపెట్లకు తొమ్మిది లెక్క గుర్తుందిగా: 8వ వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు 1వదాని సందు, 6వది తెరుచుకున్నప్పుడు 3వదాని సందు చూడాలి, రెండు అంకెలూ కలిపితే తొమ్మిది. ఇవి చేయకుండా కార్బురేటర్ నట్టు మీద చెయ్యి వేస్తే ఈ పాఠం దండగ.

ఇక ఈవేళ్టి పని. మా బండి 1970 మోడల్. నాన్న 1974లో షెఫీల్డ్‌లో డాక్టరుగా ఉన్నప్పుడు సెకండ్‌హ్యాండ్‌లో కొన్నారు. 1798 సీసీ ఇంజిన్, రెండు హెచ్‌ఎస్4 కార్బురేటర్లు. అమెరికాలో 1975 నుంచి అమ్మిన బండ్లకు వేరే కంపెనీ కార్బురేటర్, అదీ ఒక్కటే. న్యూజెర్సీలో ఉన్న మిత్రులు ముందు బానెట్ ఎత్తి తమదేదో చూసుకోండి.

ఇంజిన్ బాగా వేడెక్కాక ఎయిర్ ఫిల్టర్లు తీయండి. గ్యారేజీ తలుపు బార్లా తెరిచి ఉండాలి. రెండు కార్బురేటర్లనూ కలిపే కడ్డీ క్లాంపులు వదులు చేసి, రెండూ సమానంగా గాలి పీల్చేలా ఐడిలింగ్ (కాలు తీసినప్పటి ఇంజిన్ స్పీడు) స్క్రూలు తిప్పండి. దీనికి మీటర్లు అమ్ముతారు. నాన్న పాత స్టెతస్కోప్ బిళ్ళ ఊడదీసి, ఆ గొట్టాన్ని కార్బురేటర్ నోటి దగ్గర పెట్టి 'స్‌స్‌' చప్పుడు వినేవారు. ఇప్పుడది మా అమ్మాయి పని. నాకు ఒకేలా వినిపించే రెండు చప్పుళ్ళలో వెనకది ఎక్కువని పట్టేస్తుంది. సమానమయ్యాక క్లాంపులు బిగించండి.

తర్వాత మిక్చర్, అంటే గాలీ పెట్రోలూ కలిసే పాళ్ళు. పెట్రోలు ఎక్కువైతే చిక్కన, తక్కువైతే పలచన. జెట్ కింద ఉన్న ఆరు పలకల నట్టును పూర్తిగా పైకి ఎక్కించి, అక్కడి నుంచి రెండు చుట్లు, అంటే 12 పలకలు, కిందికి దించండి. రెండింటికీ అంతే. నట్టు కిందికి వస్తే మిక్చర్ చిక్కన, పైకి వెళ్తే పలచన. తిప్పిన ప్రతిసారీ జెట్‌ను వేలితో పైకి నొక్కండి, అది నట్టుతోపాటు కదలకుండా ఆగిపోతుంటుంది.

నాకు ఒళ్ళుమండే చోటు ఇక్కడుంది. కార్బురేటర్ పక్కన కింద చిన్న పిన్ను ఉంటుంది. దాన్ని పైకి నొక్కితే పిస్టన్ లేస్తుంది. ఇంజిన్ స్పీడు పెరిగి అలాగే ఉండిపోతే మిక్చర్ చిక్కన. వెంటనే పడిపోతే పలచన. ఒక్క క్షణం కొంచెం పెరిగి మామూలైపోతే సరిగ్గా ఉన్నట్టు. ఇంతవరకూ అందరికీ తెలుసు. ఎంత ఎత్తాలన్నది ఎవరూ పట్టించుకోరు.

ఎత్తాల్సింది అంగుళంలో 32వ వంతు. మీ జేబులో ఏటీఎం కార్డు మందం. పిన్ను మొదట ఖాళీగా కదులుతుంది, తర్వాత పిస్టన్‌కు తగులుతుంది. కార్డు మందం అక్కడి నుంచి లెక్క. అర అంగుళం ఎత్తేశారనుకోండి, జెట్ మీదుగా పోయే గాలికి వేగం తగ్గి పెట్రోలును లాగలేదు. ఆ కార్బురేటర్ ఆగిపోయినట్టే. మిక్చర్ ఎలా ఉన్నా స్పీడు పడిపోతుంది. మీరేమో "అయ్యో పలచన" అని నట్టు ఇంకో పలక దించుతారు. మళ్ళీ ఎత్తుతారు, మళ్ళీ పడుతుంది, మళ్ళీ దించుతారు. ఒకరు ఇలా 9 పలకలు దించారు. ఇంకొకరి ప్లగ్గులు పొయ్యిలోంచి తీసినట్టు నల్లగా ఉంటే, ప్లగ్గులే నాసిరకమని మూడు సెట్లు మార్చారు. నవ్వడం లేదు, మొదటి ఏడాది నేనూ అంతే. ఒక శనివారమంతా తిప్పీ తిప్పీ చూపిస్తే, నాన్న బండి వెనక్కి వెళ్ళి వాసన చూసి "ఎంత తాగించావురా దీనికి" అన్నారు. పిన్ను ఎలా నొక్కుతున్నావో చూపించమన్నారు. నొక్కాను. ఆయన నా వేలు పట్టుకుని కిందికి లాగారు. పిన్ను కదిలిందో లేదో తెలియనంతలో ఇంజిన్ స్పీడు పెరిగి అలాగే నిలబడింది. అంతసేపూ అది చిక్కనగానే ఉంది.

కాబట్టి ముందు ఇంజిన్ ఆపి, కార్బురేటర్ నోట్లోకి టార్చి వేసి, పిన్ను నొక్కుతూ పిస్టన్ లేవడం కళ్ళతో చూడండి. వేలికి అలవాటయ్యాకే ఇంజిన్ మీద చేయండి. ఒక్కోసారి ఒక్క పలకే తిప్పాలి. ముందుది సరిచేస్తే వెనకది కొంచెం మారుతుంది, అటూ ఇటూ రెండు మూడుసార్లు తిరగాల్సిందే. మధ్యలో యాక్సిలరేటర్ కాస్త లాగి వదలండి, లేకపోతే ప్లగ్గులు మసిబారి లెక్క తప్పుతుంది. చివరికి ఐడిలింగ్ నిమిషానికి 700, 750 చుట్ల మధ్య ఉంచండి.

అభ్యాసం: బాగా నడుస్తున్న బండిని కావాలని చెడగొట్టండి. మీరు లేనప్పుడు ఇంట్లోవాళ్ళతో రెండు నట్లూ ఇష్టమొచ్చినట్టు తిప్పించి, ఎన్ని పలకలో కాగితం మీద రాయించి దాచమనండి. మిక్చర్ మళ్ళీ కుదిర్చాక ఆ కాగితంతో సరిచూసుకోండి. మూడు ఆదివారాలు చేయాలి. ఒక్క పలక తేడా వస్తే పరవాలేదు, మూడు వస్తే పిన్ను ఇంకా గట్టిగా నొక్కుతున్నారు.

వచ్చే పాఠం వెనక చక్రం దగ్గరున్న పెట్రోల్ పంపు. తాళం తిప్పగానే టిక్‌టిక్‌మని కొట్టుకుని, కాసేపటికి ఆగుతోందో లేదో ఈలోగా విని పెట్టుకోండి.