ఎల్‌డీఎల్ తగ్గాలంటే: ఏది ఎన్ని గ్రాములు, ఎలా వండాలి, ఏ క్యాప్సూల్ దండగ

లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలో కొవ్వుల పరీక్ష) రిపోర్టులో ఎల్‌డీఎల్ అనే చెడు కొలెస్ట్రాల్ 150 దాటి కనిపించగానే చాలా ఇళ్లలో మర్నాటి నుంచే పరగడుపున వెల్లుల్లి రెబ్బ, మెంతుల నీళ్లు, దాల్చిన చెక్క కషాయం మొదలవుతాయి. పాల ప్యాకెట్ మాత్రం మారదు. నూనె డబ్బా ఎప్పటిలాగే ఖాళీ అవుతుంది. మూడు నెలలకు అంకె కదలకపోతే, ఆహారంతో ఏమీ కాదని తేల్చేస్తారు. నిజానికి ఆహారంతో బాగానే తగ్గుతుంది. కాకపోతే మాత్రకు ఉన్నట్టే ఆహారానికీ మోతాదు ఉంది. ఆ మోతాదుకు చేరకుండా ఎన్నాళ్లు తిన్నా ఫలితం ఉండదు. అందుకే ఈ పనికి మొదట కావలసింది 1 గ్రాము తేడా కూడా చూపించే చిన్న వంటింటి తూకం.

ముందు రిపోర్టు సంగతి

ఎల్‌డీఎల్ 190 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే అది చాలాసార్లు వంశపారంపర్యంగా వచ్చేది. అక్కడ వంటింటి మార్పులు ఒక్కటే చాలవు, డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. గుండెపోటు వచ్చినవాళ్లు, స్టెంట్ వేయించుకున్నవాళ్లు, పక్షవాతం వచ్చినవాళ్లు, 40 దాటిన మధుమేహులు కూడా ఆహారాన్ని మాత్రకు తోడుగా వాడుకోవాలి తప్ప మాత్ర మానేసి దీని మీద ఆధారపడకూడదు.

థైరాయిడ్ మందగించినా ఎల్‌డీఎల్ పెరుగుతుంది. టీఎస్‌హెచ్ పరీక్ష చేయించకుండా నెలల తరబడి పథ్యం చేయడం వృథా ప్రయాస. ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని మరో రకం కొవ్వు) 400 దాటితే చాలా ల్యాబులు లెక్కగట్టి ఇచ్చే ఎల్‌డీఎల్ అంకెను నమ్మలేం, నేరుగా కొలిచే పరీక్ష అడగండి. అవి 500 దాటితే క్లోమం వాచే ప్రమాదం ఉంది, ఆలస్యం చేయకుండా డాక్టరును కలవండి.

మొదటి పని: తీసేయడం

మన కాలేయం మీద ఎల్‌డీఎల్‌ను రక్తంలోంచి లాక్కునే గ్రాహకాలు ఉంటాయి. సంతృప్త కొవ్వు (నెయ్యి, మీగడ, కొబ్బరిలో ఎక్కువగా ఉండే రకం) ఎక్కువగా తింటే ఆ గ్రాహకాలు తగ్గిపోతాయి, ఎల్‌డీఎల్ రక్తంలోనే తిరుగుతూ ఉంటుంది. రోజుకు 2000 క్యాలరీలు తినే మనిషికి సంతృప్త కొవ్వు 13 గ్రాములు మించకుండా చూసుకోవాలి.

ఈ 13 గ్రాములు ఎంత తొందరగా అయిపోతాయో ఒక మామూలు రోజు లెక్క చూడండి. కాఫీకి, పెరుగుకు కలిపి ఒక మనిషికి 400 మి.లీ. ఫుల్ క్రీమ్ పాలు పడతాయనుకుందాం. అందులో వెన్న 6 శాతం, అంటే 24 గ్రాముల కొవ్వు, దానిలో దాదాపు 15 గ్రాములు సంతృప్తం. పప్పన్నంలోకి, ఇడ్లీ మీదకి కలిపి రెండు టీస్పూన్ల నెయ్యికి ఇంకో 6 గ్రాములు. టిఫిన్‌లోకి కొబ్బరి పచ్చడి, మనిషికి 30 గ్రాముల పచ్చి కొబ్బరి చొప్పున మరో 9 గ్రాములు. కూరలో నూనె లెక్కలోకి రాకముందే 30 గ్రాములు.

ఇదే రోజును కొద్దిగా మార్చండి. పాలు డబుల్ టోన్డ్ (1.5 శాతం) చేస్తే 15 గ్రాములు కాస్తా 4 అవుతుంది. నెయ్యి ఒక టీస్పూన్ ఉంచుకోండి, 3 గ్రాములు. కొబ్బరి పచ్చడి బదులు టమాటా పచ్చడో దోసకాయ పచ్చడో చేయండి. వేరుశనగ నూనె రోజుకు 15 గ్రాములు వాడితే 3 గ్రాముల దాకా. అన్నీ కలిపి 10 గ్రాములు. అన్నం, పప్పు, కూర అన్నీ అలాగే ఉన్నాయి. ఈ పథకం మొత్తంలో అతి తక్కువ శ్రమకు అతి ఎక్కువ ఫలితం ఇచ్చేది పాల ప్యాకెట్ మార్చడమే. ప్యాకెట్ రంగు డెయిరీకో తీరుగా ఉంటుంది కనక దాన్ని చూసి కొనకండి, కొవ్వు శాతం అంకె చదవండి. విడిగా గేదె పాలు పోయించుకునేవాళ్లు కాచి, ఫ్రిజ్‌లో చల్లార్చి, మీగడ మొత్తం తీసేయాలి. ఆ మీగడ కూడబెట్టి కాచిన నెయ్యి మళ్లీ అదే మనిషి కంచంలోకి వస్తే తీసిందంతా వృథా.

నూనె విషయంలో మనిషికి నెలకు అర లీటరు లెక్క పెట్టుకోండి. నలుగురున్న ఇంటికి రెండు లీటర్లు. కొత్త డబ్బా తెరిచిన రోజు తేదీ మార్కర్‌తో దాని మీదే రాయండి. 20వ తేదీకే ఖాళీ అయితే ఎక్కడ పోతోందో వెతకొచ్చు. వేరుశనగ, నువ్వుల, పొద్దుతిరుగుడు, తవుడు నూనెల్లో ఏదైనా పరవాలేదు. పామాయిల్‌లో సగం, కొబ్బరి నూనెలో 80 శాతం పైనే సంతృప్త కొవ్వు. డబ్బా మీద "కొలెస్ట్రాల్ లేదు" అన్న మాటకు విలువ ఇవ్వకండి. కొలెస్ట్రాల్ జంతువుల నుంచి వచ్చేవాటిలోనే లెక్కించదగినంత ఉంటుంది, పామాయిల్ డబ్బా మీద కూడా ఆ మాట రాసుకోవచ్చు. బయట కొనే మిక్స్చర్, బిస్కెట్లు, చిప్స్ ప్యాకెట్ వెనక పదార్థాల జాబితాలో పామోలిన్ అని ఉందేమో చూడండి, చాలావాటిలో ఉంటుంది.

గుడ్డు గురించి భయం ఎక్కువ. మధుమేహం లేనివాళ్లకు రోజుకొకటి పెద్ద తేడా చేయదు. వారానికి రెండుసార్లు మటన్ తినేవాళ్లు ఒకసారి చేపల పులుసుకు మారితే గుడ్డు మానడం కంటే ఎక్కువ లాభం.

రెండో పని: కరిగే పీచు, తూకం వేసి

కాలేయం కొలెస్ట్రాల్‌తో పిత్తరసం తయారుచేస్తుంది. అది పేగుల్లోకి వెళ్లి కొవ్వును అరిగించి, మళ్లీ రక్తంలోకి పీల్చబడి కాలేయానికి చేరుతుంది. నీళ్లలో జిగురుగా మారే పీచు ఆ పిత్తరసాన్ని పట్టుకుని మలంతో బయటికి తీసుకుపోతుంది. కాలేయం కొత్త పిత్తరసం కోసం రక్తంలోని ఎల్‌డీఎల్‌ను లాక్కుంటుంది. జిగురే పని చేస్తుంది కాబట్టి ఏ పదార్థం నానితే జిగటగా అవుతుందో అదే మనకు కావాలి.

ఇసబ్‌గోల్ ఇందులో అన్నిటికంటే నమ్మకమైనది. రోజుకు 10 గ్రాముల పొట్టు వాడితే ఎల్‌డీఎల్ సుమారు 5 నుంచి 7 శాతం తగ్గుతుంది. పొట్టు తేలిక, చెంచా చూసి మోసపోతారు, ఒకసారి తూకం వేసి మీ చెంచాకు ఎంతో తెలుసుకోండి. మొదటి వారం రోజుకు 3 గ్రాములు, రెండో వారం 5, మూడో వారం నుంచి ఉదయం భోజనానికి ముందు 5, రాత్రి భోజనానికి ముందు 5. గ్లాసులో 250 మి.లీ. నీళ్లు ముందు పోసి, పొట్టు చల్లి, రెండు తిప్పులు తిప్పి వెంటనే తాగేయాలి. రెండు నిమిషాలు ఆగితే చెంచా నిలబడేంత గట్టిపడుతుంది, అప్పుడు మింగబోతే గొంతులో అడ్డుపడే ప్రమాదం ఉంది. పైన ఇంకో గ్లాసు నీళ్లు తాగండి. నీళ్లు తక్కువైతే విరేచనం సాఫీ కావాల్సింది పోయి బిగుసుకుంటుంది. మింగడం కష్టమైనవాళ్లు, పేగుల్లో అడ్డంకి ఉన్నవాళ్లు దీని జోలికి పోకూడదు. వేరే మాత్రలకు రెండు గంటలు, థైరాయిడ్ మాత్రకు నాలుగు గంటలు ఎడం ఉంచండి, లేకపోతే మందు కూడా జిగురులో చిక్కుకుంటుంది. పడుకునే ముందు పాలలో వేసుకునే అలవాటు మలబద్ధకానికి సరిపోవచ్చు, కొలెస్ట్రాల్‌కు మాత్రం భోజనానికి ముందే వేసుకోవాలి.

మెంతుల గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ తప్పులు ఇక్కడే జరుగుతాయి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 1980లు, 90లలో మెంతుల మీద చేసిన అధ్యయనాల్లో వాడిన మోతాదు రోజుకు 25 గ్రాముల నుంచి 100 గ్రాముల దాకా. తిరగమోతలో పడే చిటికెడు దీనికి దరిదాపుల్లో లేదు, ఒక టీస్పూన్ అంటే నాలుగు గ్రాములే. ఇంకో తప్పు, రాత్రి నానబెట్టి పొద్దున ఆ నీళ్లు తాగి గింజలు పారేయడం. జిగురు పీచు చాలావరకు గింజలోనే ఉండిపోతుంది. 25 గ్రాములు తినే పద్ధతి ఇది: రాత్రి నానబెట్టి, గింజలూ నీళ్లూ కలిపి మెత్తగా రుబ్బి, సగం పల్చని మజ్జిగలో, సగం దోసెల పిండిలో గానీ పప్పులో గానీ కలపండి. మొలకెత్తిస్తే చేదు కొంత తగ్గుతుంది. వారానికి 5 గ్రాముల చొప్పున పెంచుకుంటూ పోండి, ఒక్కసారిగా మొదలెడితే కడుపుబ్బరం, విరేచనాలు ఖాయం. షుగర్ మాత్రలు వాడేవాళ్లకు షుగర్ పడిపోవచ్చు, రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లకు రక్తస్రావం పెరగొచ్చు, వాళ్లు డాక్టరుతో మాట్లాడి మొదలుపెట్టాలి. గర్భిణులు ఈ మోతాదు తీసుకోకూడదు.

ఓట్స్ పొడిగా ఉన్నప్పుడు 75 గ్రాములు తినాలి, అందులో బీటా గ్లూకాన్ అనే జిగురు పీచు 3 గ్రాములు ఉంటుంది, అది 5 శాతం పైన తగ్గిస్తుంది. ఓట్స్ ఉప్మా చేస్తే రెండు టీస్పూన్ల నూనెతో ఆపండి. బార్లీలోనూ అదే పీచు ఉంది, అయితే బార్లీ నీళ్లు వడగట్టి గింజలు పారేస్తే లాభం పోయినట్టే, గింజల్ని ఉడికించి అన్నంలా తినాలి. రాగి, జొన్న, కొర్రలు తెల్లన్నం కంటే మంచివే కానీ వాటిలో బీటా గ్లూకాన్ చాలా తక్కువ. ఓట్స్ లెక్కలో వాటిని వేయకండి.

ఇక పప్పులు. ఉడికినవి రోజుకు 130 గ్రాములు, అంటే పొడిగా 50 గ్రాములు, తింటే ఎల్‌డీఎల్ 5 శాతం దాకా తగ్గుతుంది. నలుగురికి 100 గ్రాముల కందిపప్పు వేసి నీళ్లగా చేస్తే మనిషికి 25 గ్రాములే వస్తుంది. సాయంత్రం బొబ్బర్లు, సెనగలు, ఉలవల గుగ్గిళ్లు ఒక గిన్నెడు తింటే లోటు తీరుతుంది. ఉలవచారు దీనికి సాటి రాదు. అది ఉలవలు ఉడికిన నీళ్లే, పీచు గింజల్లో ఉండిపోయింది, పైగా హోటల్లో దాని మీద మీగడ వేసి ఇస్తారు.

కెనడాలోని టొరంటోలో డేవిడ్ జెంకిన్స్ బృందం 2003లో ప్రచురించిన అధ్యయనంలో జిగురు పీచు, సోయా, బాదం, వృక్ష స్టెరాల్స్ (మొక్కల్లో ఉండే, కొలెస్ట్రాల్‌ను పోలిన పదార్థాలు) అన్నీ ఒకే ఆహారంలో కలిపారు. నాలుగు వారాల్లో ఎల్‌డీఎల్ 28 శాతం పైగా తగ్గింది. ఆ జాబితాలో ఓట్స్, బార్లీ, ఇసబ్‌గోల్‌తో పాటు వంకాయ, బెండకాయ కూడా ఉన్నాయి. రెండూ మన బజారులో రోజూ దొరికేవే, పాడుచేసేది మన వండే తీరు. వంకాయ నూనెను స్పాంజిలా పీల్చుకుంటుంది, కనక కాల్చి పచ్చడి చేయండి లేదా పులుసు పెట్టండి. బెండకాయ డీప్ ఫ్రై బదులు పులుసు, ఆ జిగురు పోగొట్టకుండా.

తర్వాత రోజూ 30 గ్రాముల బాదం గానీ వేయించిన వేరుశనగ పప్పు గానీ తినండి. 170 క్యాలరీలు పైనే ఉంటాయి కాబట్టి నాలుగు గంటల మురుకుల స్థానంలో రావాలి, వాటితో పాటు కాదు. అవిసె గింజలు వేయించి పొడి కొట్టాలి, మొత్తం గింజ మింగితే పొట్టు చీలకుండా అలాగే బయటికి పోతుంది. ఆ పొడిలో ఎండుమిర్చి, వెల్లుల్లి, తక్కువ ఉప్పు వేసి కారప్పొడి చేసుకుంటే రోజుకు రెండు పెద్ద చెంచాలు తేలిగ్గా వెళ్తుంది. మీల్ మేకర్ 50 గ్రాములు పొడివి తీసుకుంటే 25 గ్రాముల సోయా ప్రోటీన్. దాని సొంత ప్రభావం 3, 4 శాతమే అయినా మటన్ బదులు వండితే లాభం పెరుగుతుంది.

క్యాప్సూళ్లు

2022లో అమెరికాలో సుమారు 200 మందితో ఒక పరీక్ష జరిగింది. చేప నూనె, దాల్చిన చెక్క, వెల్లుల్లి, పసుపు, వృక్ష స్టెరాల్స్, ఎర్ర ఈస్టు బియ్యం, ఈ ఆరు సప్లిమెంట్లను 28 రోజులు 5 మి.గ్రా. రోసువాస్టాటిన్‌తో (స్టాటిన్ అనే కొలెస్ట్రాల్ తగ్గించే మందుల్లో ఒకటి) పోల్చారు. మాత్ర ఎల్‌డీఎల్‌ను దాదాపు 38 శాతం తగ్గించింది. సప్లిమెంట్లలో ఒక్కటీ ఉత్తుత్తి మాత్ర కంటే చెప్పుకోదగ్గంత మెరుగ్గా లేదు. వెల్లుల్లి వాడినవాళ్లలో ఎల్‌డీఎల్ కాస్త పెరిగింది కూడా. కూరలో వెల్లుల్లి రుచికి వేసుకోండి, క్యాప్సూల్‌కు డబ్బు పెట్టకండి.

గుగ్గులు (ఆయుర్వేదంలో వాడే ఒక చెట్టు బంక) కథ వేరు. 1966లో బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో సత్యవతి గారు సుశ్రుత సంహిత వర్ణన ఆధారంగా చేసిన పరిశోధనతో అది కొలెస్ట్రాల్ మందుగా వెలుగులోకి వచ్చింది. అయితే 2003లో అమెరికాలో 103 మందికి ఎనిమిది వారాలు ఇచ్చి చూస్తే ఎల్‌డీఎల్ 4, 5 శాతం పెరిగింది, కొందరికి ఒళ్లంతా దద్దుర్లు వచ్చాయి. ఎల్‌డీఎల్ కోసం దాన్ని కొనాల్సిన పని లేదు.

ఎర్ర ఈస్టు బియ్యంలో ఉండే మొనాకోలిన్ కె, లోవాస్టాటిన్ మందూ ఒకటే పదార్థం. ఒక్కో సీసాలో ఎంత ఉందో తెలియకుండా స్టాటిన్ వేసుకున్నట్టే, ఇప్పటికే స్టాటిన్ వాడుతుంటే రెండింతలు. వద్దు. నియాసిన్ (విటమిన్ బీ3) పెద్ద మోతాదులు కాలేయానికి హాని, అవీ వద్దు. పసుపు క్యాప్సూళ్లతో కూడా కాలేయం దెబ్బతిన్న సందర్భాలు నమోదయ్యాయి. చేప నూనె ట్రైగ్లిజరైడ్లకు పని చేస్తుంది, అదీ రోజుకు 2 నుంచి 4 గ్రాముల ఈపీఏ, డీహెచ్‌ఏ (ఒమేగా-3 కొవ్వులు) ఉంటే. మామూలు 1000 మి.గ్రా. క్యాప్సూల్‌లో ఉండేది 300 మి.గ్రా. ట్రైగ్లిజరైడ్లు ఎక్కువగా ఉన్నవాళ్లకు కంచంలో అన్నం సగం తగ్గించడం, పంచదార, మద్యం మానడం అంతకంటే తొందరగా ఫలితమిస్తాయి.

ఎనిమిది వారాల తర్వాత

అన్నీ ఒకేసారి మొదలెడితే పొట్ట ఒప్పుకోదు. మొదటి వారం పాలు, నూనె, కొబ్బరి మార్చండి. రెండో వారం ఇసబ్‌గోల్ గానీ మెంతులు గానీ, రెండింట్లో ఒకటి. మూడో వారం ఉదయం ఓట్స్, సాయంత్రం గుగ్గిళ్లు. అప్పటి నుంచి ఎనిమిది వారాలు లెక్కపెట్టి, అదే ల్యాబులో మళ్లీ పరీక్ష చేయించండి. జ్వరం వచ్చి తగ్గిన వారంలో వద్దు, అప్పుడు అంకె తప్పుగా తక్కువ చూపిస్తుంది.

150 ఉన్న ఎల్‌డీఎల్ 120, 130కి వస్తే పథకం పని చేస్తున్నట్టే, కొనసాగించండి. 150 నుంచి 143 అయితే అది ల్యాబు తేడా కూడా కావచ్చు. తూకం వేసి తిన్న రోజులెన్నో, బయట తిన్న పూటలెన్నో క్యాలెండర్ మీద గుర్తు పెట్టి ఉంటే అక్కడే కారణం దొరుకుతుంది. లెక్క తప్పకుండా తిన్నా కదలకపోతే మీ కాలేయం కొలెస్ట్రాల్‌ను ఎక్కువగా తయారుచేసే తరహా కావచ్చు. రెండు రిపోర్టులూ, ఏం తిన్నారో రాసిన కాగితమూ తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. మాత్ర మొదలుపెట్టాల్సి వస్తే పాలు, గుగ్గిళ్లు, ఇసబ్‌గోల్ అలాగే సాగనివ్వండి, తక్కువ మోతాదు మాత్రతోనే సరిపోయే అవకాశం ఉంటుంది.